రోజర్ విలియమ్స్ వంశావళి



బైబిలులో వంశావళులు వచ్చిన చోట మనలో చాలామందిమి పుట తిప్పేస్తాం. మత్తయి సువార్త మొదటి అధ్యాయాన్ని కుటుంబ ప్రార్థనలో చదవమంటే పిల్లలు ఆ పేర్లు పలకలేక నవ్వుకుంటారు. కాని ఎజ్రా గ్రంథం రెండవ అధ్యాయంలో ఒక సంగతి ఉంది. చెరనుండి తిరిగి వచ్చిన వారిలో కొందరు తాము యాజకుల సంతతివారమని చెప్పుకున్నారు. వంశావళుల పుస్తకం తెచ్చి వెదికితే వారి పేర్లు దొరకలేదు. దొరకనందుచేత వారిని యాజకత్వానికి దూరంగా ఉంచారు. వారు అబద్ధమాడారని ఎవరూ అనలేదు. కాగితం లేదు, అంతే.

ఈ మాట పరదేశంలో స్థిరపడిన మనకు బాగా తెలుసు. కోలారు బంగారు గనులకు, షోలాపూరు మిల్లులకు, బరంపురానికి, చెన్నపట్నానికి, యానాంకు పని వెదుక్కుంటూ వచ్చిన మన తాతముత్తాతలు ఏ ఊరినుండి బయలుదేరారో, ఆ ఊళ్ళో ఏ వీధిలో ఉండేవారో చెప్పగలిగినవారు ఇంటికి ఒక్కరు మిగిలితే గొప్ప. అందుచేత ఈసారి మేము ఒక పెద్దమనిషి జీవితాన్ని మామూలుగా కాక, ఆయన ఇంటి చరిత్రను వెదుకుతూ చెప్పదలచుకున్నాము. ఆయన పేరు రోజర్ విలియమ్స్. సుమారు 390 ఏళ్ళ క్రితం ఇంగ్లండునుండి అమెరికాకు వలస వెళ్ళిన ప్యూరిటన్ బోధకుడు. అమెరికాలో మొదటి బాప్టిస్టు సంఘం ప్రావిడెన్స్ పట్టణంలో ఆయన చేతిమీదుగా ఏర్పడింది. ఇంత పేరున్న మనిషికి తల్లిదండ్రులెవరో ఆయన మరణించిన తరువాత రెండు వందల సంవత్సరాలకుగాని గట్టిగా తెలియలేదు.

కాలిపోయిన రిజిష్టరు

ఆ రోజులలో ఇంగ్లండులో ఒక మనిషి ఎప్పుడు పుట్టాడో తెలియాలంటే చర్చి రిజిష్టరు చూడాలి. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే బాప్తిస్మమిచ్చి ఆ తేదీ రాసేవారు. రోజర్ విలియమ్స్ కుటుంబం ఉన్న పేట లండనులోని సెయింట్ సెపల్కర్ చర్చి కిందికి వచ్చేది. 1666లో లండను నగరాన్ని దహించిన మహా అగ్నిప్రమాదంలో ఆ చర్చీ తగలబడింది, అంతకు ముందటి రిజిష్టర్లూ పోయాయి. కాబట్టి ఆయన పుట్టిన తేదీ ఏ పుస్తకంలోనూ లేదు.

మరి వయసు ఎలా లెక్క కట్టారు? ఆయన రాసిన కాగితాలనుండే. అమెరికా చేరిన కొత్తలో గవర్నరు జాన్ విన్‌త్రాప్‌కు రాసిన ఉత్తరంలో, తన వయసు ఇరవై అయిదుకంటె ముప్పైకే దగ్గర అని చెప్పుకున్నారు. 1679లో ఇచ్చిన వాఙ్మూలంలో ఎనభైకి దగ్గర పడుతున్నానన్నారు. ఈ రెండు మాటలూ కలిపి చూసి చరిత్రకారులు ఆయన సుమారు 1603లో పుట్టి ఉంటారని నిర్ణయించారు. మన ఇళ్ళలో కూడ అవ్వల వయసు ఇలాగే కదా లెక్క కడతాం. ఫలానా తుపానుకు చంకబిడ్డ అనో, ఫలానా కరువునాటికి పెళ్ళయిందనో చెబుతారు. ఆ లెక్కను చులకన చేయకూడదు. ఒకే మనిషినిగూర్చి రెండు వేర్వేరు గుర్తులు ఒకే సంవత్సరానికి దగ్గరగా వచ్చాయంటే అది మంచి సాక్ష్యమే.

ఇంటి పేరు చేసిన పొరపాటు

రిజిష్టరు లేని చోట ఊహలు బయలుదేరాయి. విలియమ్స్ అనే పేరు వేల్సు దేశంలో మెండు. కనుక ఈయనా వేల్సువాడే అయి ఉండాలని పాత చరిత్రకారులు అనుకున్నారు. వెదికితే ఆక్స్‌ఫర్డులో చదివిన రోడెరికస్ విలియమ్స్ అనే వేల్సు యువకుడి పేరు దొరికింది. ఇంకేముంది, ఆయనే ఈయన అని రాసేశారు. తరతరాలుగా పుస్తకాలన్నీ ఆ మాటే చెప్పాయి. మరికొందరు ఇంగ్లండు నైరుతి కొననున్న కార్న్‌వాల్‌లో ఒక విలియమ్స్ కుటుంబాన్ని చూపించారు.

అమెరికాలోనూ ఇదే చిక్కు. 1630 అక్టోబరులో మసాచుసెట్స్‌లో పౌరహక్కుకోసం పేరు ఇచ్చినవారి జాబితాలో ఒక రోజర్ విలియమ్స్ ఉన్నాడు. కాని మన రోజర్ విలియమ్స్ అప్పటికి ఓడే ఎక్కలేదు. ఆ జాబితాలోని వాడు డార్చెస్టరులో కాపురమున్న వేరొక మనిషి. ఇద్దరినీ ఒక్కరిగా తలచి కొందరు కథలు కలిపేశారు.

ఇంటి పేరు ఒక్కటైనంత మాత్రాన వంశం ఒక్కటి కాదని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకే ఇంటి పేరుగలవారు నెల్లూరులోనూ ఉంటారు, గంజాములోనూ ఉంటారు. ఊరు, తండ్రి పేరు, తోబుట్టువుల పేర్లు, ఈ మూడూ కలిస్తేనే చుట్టరికం నిలుస్తుంది. రోజర్ విలియమ్స్ విషయంలో ఆ మూడూ చివరికి ఒక వీలునామాలో కలిశాయి.

తల్లి వీలునామా

అమెరికాలోని న్యూ ఇంగ్లండు వంశచరిత్ర సంఘంవారు తమ పూర్వీకుల మూలాలు వెదకడానికి హెన్రీ వాటర్స్ అనే పరిశోధకుణ్ణి 1883లో ఇంగ్లండుకు పంపారు. ఆయన లండనులో భద్రపరచిన పాత వీలునామాలను ఒక్కొక్కటిగా చదువుతూ పోయారు. అలా చదువుతుండగా ఆలిస్ విలియమ్స్ అనే విధవరాలి వీలునామా కంటబడింది. దాన్ని ఆయన 1889లో ప్రకటించారు.

ఆలిస్ భర్త పేరు జేమ్స్ విలియమ్స్. లండనులో దర్జీ వర్తకుల సంఘంలో సభ్యుడు, పశువుల సంతకు పేరుపొందిన స్మిత్‌ఫీల్డ్ పక్కన కౌ లేన్ అనే వీధిలో కాపురం. ఆలిస్ వీలునామా 1634 ఆగస్టులో రాసినది. అందులో సముద్రానికి ఆవలనున్న తన కుమారుడు రోజర్‌కు ఇరవై సంవత్సరాలపాటు ఏటేటా పది పౌనులు ఇవ్వమని రాసింది. ఆ గడువులోగా అతడు మరణిస్తే మిగిలినది అతని భార్యకూ కుమార్తెకూ చెందాలని రాసింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి లెక్క సరిచూద్దాం. 1634లో మన రోజర్ విలియమ్స్ అమెరికాలోనే ఉన్నారు. పెళ్ళయింది. అప్పటికి ఉన్నది ఒక్కతే కూతురు, 1633లో పుట్టిన మేరీ. వీలునామాలోని ప్రతి మాటా అతికినట్టు సరిపోయింది. ఆమె మనుమరాలిని కళ్ళతో చూడలేదు. అయినా ఆ పసిబిడ్డను మరచిపోలేదు. ఆ వీలునామా 1635 జనవరిలో న్యాయస్థానంలో రుజువు పొందింది, అంటే అప్పటికి ఆ తల్లి కన్నుమూసింది. తన కుమారుణ్ణి అక్కడివారు తరిమివేయబోతున్నారని ఆమెకు తెలియదు.

తండ్రి జేమ్స్ వీలునామాకూడ దొరికింది. అది 1620లో రాసినది, 1621లో రుజువైనది. పిల్లలు నలుగురు: సిడ్రాక్, రోజర్, రాబర్ట్, కూతురు కేథరీన్. సిడ్రాక్ అంటే ఎవరో కాదు, దానియేలు గ్రంథంలో అగ్నిగుండంలో పడవేయబడిన షద్రకు పేరే. అతడు తూర్పుదేశాల వర్తకుడయ్యాడు. తమ్ముడు రాబర్ట్ అన్నవెంట అమెరికా చేరి, ప్రావిడెన్స్‌లో ఉండి, తరువాత న్యూపోర్టులో బడిపంతులుగా పనిచేశాడు. ఆలిస్ పుట్టింటివారు సెయింట్ ఆల్బన్స్ పట్టణానికి చెందిన పెంబర్టన్ కుటుంబం. ఆమె అన్నదమ్ములలో ఒకరి పేరు రోజర్. మేనమామ పేరే మేనల్లుడికి పెట్టారని తలుస్తారు.

లండను బాలుడు

ఈ వీలునామాలతో వేల్సు కథ ముగిసింది. రోజర్ విలియమ్స్ లండను నడిబొడ్డున, సంత సందడి నడుమ పెరిగిన వర్తకుని కొడుకు. ఆ స్మిత్‌ఫీల్డ్ పశువుల సంతకే కాదు, మనుషులను తగలబెట్టడానికీ పేరుపొందింది. రాణి మేరీ కాలంలో, 1550లలో, ఎందరో ప్రొటెస్టంటు హతసాక్షులు అక్కడే కాల్చబడ్డారు. 1612లో బార్తొలొమ్యూ లెగేట్ అనే వ్యక్తిని మతభ్రష్టుడని అక్కడే దహించారు. అప్పటికి రోజర్‌కు ఎనిమిదీ తొమ్మిదేళ్ళు. ఆయన ఇల్లు అక్కడికి కూతవేటు దూరం. మనస్సాక్షి మీద కత్తి ఎత్తకూడదని ఆయన జీవితమంతా వాదించారంటే, దాని వేరు ఎక్కడుందో ఇంటి చిరునామాను చూస్తే కొంత అర్థమవుతుంది.

బాలుడుగా ఉన్నప్పుడే ఆయన సంకేతలిపి నేర్చారు. అంటే నేటి షార్టుహ్యాండువంటిది. ఆ నేర్పు చూసి ఇంగ్లండులో పేరుమోసిన న్యాయమూర్తి సర్ ఎడ్వర్డ్ కోక్ ఆయనను చేరదీశారు. స్టార్ చాంబర్ న్యాయస్థానంలో ప్రసంగాలు రాసుకొని తెచ్చి కోక్‌గారికి చూపేవాడట. ఆయన పూనిక మీద 1621లో చార్టర్‌హౌస్ పాఠశాలలో చేరి, తరువాత కేంబ్రిడ్జిలోని పెంబ్రోక్ కళాశాలలో చదివి 1627లో పట్టా పొందారు.

ఈ సంగతి మనకు ఎలా తెలిసింది? కోక్ కుమార్తె ఆన్ సాడ్లియర్‌వలన. చాలా ఏళ్ళ తరువాత, 1650లలో, రోజర్ విలియమ్స్ ఆమెకు ఉత్తరాలు రాశారు. ఆమెకు ఆయన అభిప్రాయాలు గిట్టలేదు, కోపంతో జవాబులిచ్చింది. కాని ఆయన ఉత్తరం వెనుక పక్క, ఈ రోజర్ ఎవరో, తన తండ్రి ఎలా చదివించాడో నాలుగు వాక్యాలు రాసిపెట్టింది. గిట్టనివారు రాసిపెట్టిన మాటే చరిత్రకు ఆధారమైంది.

పెళ్ళి, ప్రయాణం

చదువు ముగిసిన తరువాత ఎసెక్స్ జిల్లాలోని ఓట్స్ అనే బంగళాలో సర్ విలియం మాషమ్ కుటుంబానికి ఆయన బోధకుడుగా కుదిరారు. అక్కడ జేన్ వాలీ అనే పెద్దింటి పిల్లను పెళ్ళాడగోరి, ఆమె పిన్నమ్మకు ఉత్తరం రాశారు. ఆస్తిలేని బోధకుడికి పిల్లనివ్వడానికి ఆ పెద్దావిడ ఒప్పుకోలేదు. తరువాత జబ్బుపడి లేచి, ఆ ఇంటనే పరిచారికగా ఉన్న మేరీ బార్నార్డ్‌ను 1629 డిసెంబరు 15న హై లేవర్ చర్చిలో పెండ్లాడారు. ఆ చర్చి రిజిష్టరు మాత్రం నిలిచి ఉంది. పుట్టిన తేదీ అగ్నికి ఆహుతైనా, పెళ్ళి తేదీ దక్కింది.

అది ప్యూరిటనులకు కష్టకాలం. రాజూ బిషప్పులూ వారిని అణచివేస్తుంటే వేలమంది సముద్రం దాటి మసాచుసెట్స్‌కు పోతున్నారు. 1630 డిసెంబరు 1న ఈ దంపతులు బ్రిస్టల్ రేవులో లయన్ అనే ఓడ ఎక్కి, 1631 ఫిబ్రవరి 5న అమెరికా తీరం చేరారు. రెండు నెలలు దాటిన చలికాలపు సముద్రయానం.

బోస్టను సంఘంవారు తమకు బోధకుడుగా ఉండమని అడిగారు. అది ఆ రోజులలో పెద్ద గౌరవం. కాని వారు ఇంగ్లండు రాజసంఘంతో సంబంధం తెంచుకోలేదని ఆయన ఒప్పుకోలేదు. ప్లిమత్‌లో రెండేళ్ళు, సేలంలో రెండేళ్ళు గడిపారు. ఎక్కడున్నా రెండు మాటలు చెప్పేవారు. మొదటిది, ఇక్కడి భూమి ఇక్కడి ఆదివాసులది, వారివద్ద కొనక ఇంగ్లండు రాజు దానమిచ్చాడని అనుభవించడం న్యాయం కాదు. రెండవది, దేవునికీ మనిషికీ నడుమనున్న ఆజ్ఞల విషయంలో ప్రభుత్వాధికారి ఎవరినీ శిక్షించకూడదు. ఈ రెండు మాటలూ కాలనీ పునాదులకే తగిలాయి. 1635 అక్టోబరులో న్యాయస్థానం ఆయనకు దేశబహిష్కార శిక్ష విధించింది. అదే నెలలో రెండవ కూతురు పుట్టింది. ఆ బిడ్డకు ఫ్రీబార్న్ అని పేరు పెట్టారు. స్వతంత్రురాలై పుట్టినది అని అర్థం.

చలికాలం గడిచేదాకా ఉండనిచ్చారు, నోరు మెదపకూడదని షరతు. ఆయన ఇంట్లో కూడినవారితో మాట్లాడుతూనే ఉన్నారు. పట్టుకొని ఇంగ్లండు ఓడ ఎక్కించడానికి 1636 జనవరిలో సిపాయిలను పంపితే, అప్పటికి మూడు రోజుల ముందే ఆయన మంచులో అడవి దారి పట్టారు. భార్యా ఇద్దరు పసిపిల్లలూ సేలంలోనే ఉన్నారు. పద్నాలుగు వారాలు ఆ చలిలో ఆయనను బ్రతికించినది వాంపనోగ్ ప్రజల నాయకుడు మసాసోయిట్, ఆయన జనులు. తోటి క్రైస్తవులు గెంటివేస్తే, అన్యులని వారనుకున్నవారు అన్నం పెట్టారు.

ప్రావిడెన్స్

ఆ వసంతకాలంలో నారగాన్‌సెట్ నాయకులు కనోనికస్, మియాంటొనోమిల అనుమతితో నదీతీరాన ఒక ఊరు కట్టుకొని దానికి ప్రావిడెన్స్, అంటే దైవ సంరక్షణ, అని పేరు పెట్టారు. అక్కడి పంచాయితీ నిర్ణయాలు లౌకిక విషయాలకే పరిమితం. ఎవరు ఎలా ఆరాధించాలో ఊరు చెప్పదు. 1638లో అక్కడే పుట్టిన పెద్దకొడుక్కు ఊరి పేరే ప్రావిడెన్స్ అని పెట్టారు. ఆ వెనుక మెర్సీ, డేనియల్, జోసెఫ్ పుట్టారు. మెర్సీ అంటే కనికరము. మన సంఘాలలో కృపావరం, దయామణి, కరుణ అనే పేర్లున్న ఇళ్ళవారు ఈ పిల్లల పేర్లు వింటే చుట్టాలవలె తోస్తారు. తల్లిదండ్రులు దేవునివద్ద ఏమి పొందామనుకున్నారో పిల్లల పేర్లు చెబుతాయి. ఆరుగురి పేర్లను వరసగా చదివితే ఆ కుటుంబం దాటివచ్చిన దారి కనిపిస్తుంది.

1639 ప్రాంతంలో ఎజికియల్ హాలిమన్ అనే సహోదరుడు రోజర్ విలియమ్స్‌కు విశ్వాస బాప్తిస్మమిచ్చాడు. తరువాత ఆయన హాలిమన్‌కూ మరి పదిమందికీ ఇచ్చారు. అదే అమెరికాలో మొదటి బాప్టిస్టు సంఘం. అయితే ఒక సంగతి దాచకూడదు. ఆయన ఆ సంఘంలో ఉన్నది కొద్ది నెలలే. నిజమైన అపొస్తలుల అధికారం లోకంలో ఎక్కడుందా అనే సందేహంతో బయటికి వచ్చి, జీవితాంతం ఏ సంఘంలోనూ చేరక వెదుకుతూనే ఉండిపోయారు. కాబట్టి ఆయన బాప్టిస్టులకు మూలపురుషుడని చెప్పేటప్పుడు, ఈ మాటకూడ కలిపి చెప్పడం న్యాయం.

కాలనీకి హక్కుపత్రం తెచ్చేందుకు 1643లో ఇంగ్లండు వెళ్ళారు. ఆ ప్రయాణంలో నారగాన్‌సెట్ భాషపై ఒక పుస్తకం రాసి లండనులో అచ్చువేశారు. 1644 మార్చిలో హక్కుపత్రం దొరికింది. ఆ యేడే మనస్సాక్షి స్వాతంత్ర్యంపై రాసిన పెద్ద గ్రంథాన్ని తగలబెట్టమని పార్లమెంటు ఆజ్ఞాపించింది. అన్న సిడ్రాక్‌తో తండ్రి ఆస్తి విషయంలో వ్యాజ్యమూ అప్పుడే నడిచింది. కోర్టులో ప్రమాణం చేస్తేనే తన వాటా దక్కుతుంది. ప్రమాణం చేయడమంటే దేవుని ఆరాధన, దాన్ని లౌకిక వ్యవహారానికి వాడరాదని ఆయన నమ్మకం. ప్రమాణం చేయలేదు, సొమ్ము పోయింది. ఆస్తికోసం అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కడం మనకు కొత్త కాదు. మాట తప్పలేక ఆస్తి వదులుకున్నవారు మాత్రం అరుదు.

1651లో మళ్ళీ ఇంగ్లండు వెళ్ళవలసి వచ్చింది. ఖర్చులకు తన వ్యాపార స్థలాన్నే అమ్ముకున్నారు. ఆ రోజులలో కవి జాన్ మిల్టన్‌కు డచ్చి భాష నేర్పారు. 1654లో తిరిగి వచ్చి మూడేళ్ళు కాలనీకి అధ్యక్షుడుగా ఉన్నారు. 1672లో, సుమారు డెబ్భై ఏళ్ళ వయసులో, క్వేకరులతో వాదానికని పడవను తానే తోసుకుంటూ న్యూపోర్టు వెళ్ళారు. వారి బోధను తీవ్రంగా ఖండించారు. కాని వారిని ఊరినుండి వెళ్ళగొట్టమని మాత్రం ఏనాడూ అనలేదు.

చెప్పవలసిన కష్టమైన మాట

వంశచరిత్ర రాసేవారు మంచినే ఏరుకొని రాస్తే అది చరిత్ర కాదు, పొగడ్త. 1637లో పీకాట్ ప్రజలతో యుద్ధం ముగిశాక, చెరపట్టబడిన ఒక బాలుణ్ణి రోజర్ విలియమ్స్ తన ఇంట పనికి పెట్టుకున్నారు. 1675లో ఆదివాసులకూ వలసవారికీ మధ్య మరొక ఘోర యుద్ధం వచ్చింది. 1676 మార్చిలో ప్రావిడెన్స్ తగలబడింది, ఆయన ఇల్లూ కాలింది. యుద్ధం ముగిశాక చెరపట్టినవారిని బానిసత్వానికి అమ్మే ఏర్పాట్లు చూసిన కమిటీలో ఆయన పేరు ఉంది. ఎవరు ఆకలినాడు అన్నం పెట్టారో ఆ ప్రజల బిడ్డలను అమ్మిన పనిలో ఆయన చెయ్యి ఉంది. ఆయనను గౌరవించేవారమైన మేము ఈ వాక్యాన్ని సులువుగా రాయలేదు. దావీదు వంశావళిలో ఊరియా భార్య ప్రస్తావనను మత్తయి తీసివేయలేదు. మనమూ తీసివేయకూడదు.

మిగిలినవి

1683 మొదటి నెలలలో ఆయన కన్నుమూశారు. ఏ తేదీనో తెలియదు. పుట్టినరోజూ లేదు, మరణదినమూ లేదు. నమ్మదగిన ముఖచిత్రం ఒక్కటికూడ లేదు, విగ్రహాలన్నిటిలోనూ ఉన్నది శిల్పుల ఊహే. ఇంటి వెనుక సొంత నేలలో పాతిపెట్టారు. 1860లో సమాధిని తవ్వి చూస్తే ఎముకలు లేవు. కొన్ని మేకులు, ఒక ఆపిలుచెట్టు వేరు కనబడ్డాయి. ఆ వేరు మనిషి పడుకున్నట్టు వంపు తిరిగి ఉంది. దాన్ని రోడ్ ఐలండ్ చరిత్ర సంఘంవారు భద్రపరచారు. ఆ మట్టిని ప్రావిడెన్స్‌లో ఊరికి ఎదురుగానున్న గుట్టపై 1939లో పూర్తయిన స్మారకం కింద ఉంచారు. అంతకు మూడేళ్ళ ముందు, 1936లో, మసాచుసెట్స్ శాసనసభ మూడు వందల ఏళ్ళనాటి బహిష్కార శిక్షను రద్దు చేసింది.

సంతతి మాత్రం పెరిగింది. చిన్నకొడుకు జోసెఫ్, డేనియల్, పెళ్ళయిన ముగ్గురు కుమార్తెల ద్వారా ఆయన వంశీకులు అమెరికా అంతటా వ్యాపించారు. ఐదు తరాల తరువాతి మునిమనుమరాలు బెట్సీ విలియమ్స్ 1871లో తన 102 ఎకరాల భూమిని ప్రావిడెన్స్ పట్టణానికి వ్రాసి ఇచ్చింది. నేటి రోజర్ విలియమ్స్ పార్కు అలా మొదలయింది. ఆదివాసులవద్ద అడిగి పుచ్చుకున్న నేలలో కొంత చివరికి అందరూ తిరిగే తోట అయింది.

ఇంకొక సంగతి. బ్రౌన్ విశ్వవిద్యాలయంలోని గ్రంథాలయంలో ఒక పాత పుస్తకం ఉంది. దాని అంచులనిండా ఎవరికీ అర్థం కాని గీతల రాత. 2012లో ఆ విశ్వవిద్యాలయపు విద్యార్థులు దాన్ని ఛేదించారు. అది రోజర్ విలియమ్స్ సంకేతలిపి. అందులో ఆయన వృద్ధాప్యంలో రాసిన వ్యాసం బయటపడింది. శిశువులకు బాప్తిస్మమివ్వడం తగదని ఒక బోధకునికి ఇచ్చిన జవాబు అది. లండను న్యాయస్థానంలో బాలుడుగా చేసిన రాతే ముసలితనంలో కాగితం మిగలని చోట పుస్తకపు అంచులకెక్కింది. ఆన్ సాడ్లియర్ ఉత్తరం వెనుక రాసిన మాటకు ఇది మరో సాక్ష్యం.

ఆ బ్రౌన్ విశ్వవిద్యాలయాన్ని 1764లో స్థాపించినవారు బాప్టిస్టులే. బర్మాకు వెళ్ళిన అడోనిరామ్ జడ్సన్‌గారు 1807లో అక్కడే పట్టా పొందారు. ఆయన సేవవలన కదలిన అమెరికా బాప్టిస్టు మిషనువారు పంపగా శామ్యూల్ డే దొరగారు 1836లో మన దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ప్రావిడెన్స్ ఊరు పుట్టిన సరిగ్గా రెండు వందల ఏళ్ళకు ఆయన ఓడ మన తీరం చేరింది. నెల్లూరు, ఒంగోలు సంఘాలనుండి బయలుదేరినవారి బిడ్డలు మనలో ఎందరో ఉన్నారు.

చదువరులారా, రోజర్ విలియమ్స్ కుటుంబాన్ని మనకు తిరిగి ఇచ్చినవి పెద్ద చరిత్ర గ్రంథాలు కావు. ఒక తల్లి వీలునామా, ఒక చర్చి పెళ్ళి రిజిష్టరు, ఉత్తరం వెనుక నాలుగు వాక్యాలు, పుస్తకం అంచున గీతలు. ఇటువంటివి మన ఇళ్ళలోనూ ఉన్నాయి. పాత ట్రంకుపెట్టెలో గని కంపెనీ చీటీ, మిల్లు గుర్తింపు బిళ్ళ, సంఘ బాప్తిస్మ పట్టిక, తాతగారు ఊరినుండి అందుకున్న కార్డు. చెదలు తినకముందే వాటిని బయటికి తీయండి. ఇంట్లో పెద్దవారు ఉంటే ఈ వారమే పక్కన కూర్చొని ఊరి పేరు, తండ్రి పేరు, తోబుట్టువుల పేర్లు అడగండి. బైబిలు మొదటి ఖాళీ పుటలో తేదీ వేసి రాసిపెట్టండి. తెలిసినంతే రాయండి, తెలియని చోట ఖాళీ వదలండి. గొప్ప ఇంటి పేరుతో ఆ ఖాళీ నింపకండి. మన మనుమలు వెదికేనాటికి ఆ ఒక్క పుట చాలు.